గోల్డ్స్ జిమ్ ఎవరిది? మా జిమ్ముకొచ్చే కుర్రాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మాది చిన్న జిమ్ము. రెండు గదులు, మెట్ల కింద ఒక బెంచీ, వానొస్తే కిటికీలోంచి లోపలికి కొట్టే జల్లు, అంతే. అయినా కొత్తగా చేరే పది మందిలో నలుగురు గుండు మనిషి రాడ్డు ఎత్తుతున్న బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకునే వస్తారు, అమెరికాలో పుట్టిన గోల్డ్స్ జిమ్ అనే జిమ్ముల కంపెనీ బొమ్మ అది. నెల తిరక్కుండా అవే డౌట్లు: ఇది ఆర్నాల్డ్‌దా, ఓనర్ ఎవరు, మూసేశారట కదా, మన బోర్డు మీద ఆ పేరు రాసుకోవచ్చా. సెట్‌కీ సెట్‌కీ మధ్య నిమిషంలో నేను సగం చెప్తాను, మిగతా సగం వాళ్ళే కల్పించుకుంటారు. అందుకే కూర్చుని ఒకసారి రాసేశాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్ళి చదువుకోండి, వరసగా చదవాలని ఏం లేదు.

## మొదలైన రోజులు

గోల్డ్ అంటే ఏటి మాస్టారూ, బంగారమా?

కాదు, మనిషి ఇంటిపేరు. జో గోల్డ్ అనే ఆయన 1965లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం వెనిస్‌లో ఈ జిమ్ము పెట్టాడు. మన దగ్గర ఇంటిపేరుతో హోటల్ బోర్డు పెట్టుకున్నట్టే. బంగారం రంగు మెంబర్‌షిప్ కార్డుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ జో గోల్డ్ ఎవరు? పెద్ద ఛాంపియనా?

పోటీల్లో కప్పులు కొట్టిన ఛాంపియన్‌గా ఆయనకి పేరు లేదు. 1922లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్నకి పాత ఇనుము యార్డు ఉండేది. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ వదిన చీపురు కర్రకి రెండు వైపులా డబ్బాలు కట్టి చేతులకి కసరత్తు చేస్తుంటే చూశాడట, పిచ్చి అక్కడ మొదలైంది. తర్వాత అన్నదమ్ములిద్దరూ నాన్న యార్డులోని తుక్కుతో ఇంట్లోనే చిన్న జిమ్ము తయారు చేసుకున్నారు. మన పల్లెల్లో సిమెంటు పోసిన డబ్బాలకి పైపు గుచ్చి ఎత్తిన వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1954లో మే వెస్ట్ అనే నటి లాస్ వేగస్‌లో స్టేజి షో చేస్తూ వెనకాల నిలబడటానికి కండలు తిరిగిన మగాళ్ళని పెట్టుకుంది. ఆ బృందంలో జో కూడా ఉన్నాడు.

షిప్పులో పనిచేశాడంటారు, నిజమేనా?

నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీలో పనిచేశాడు, ఫిలిప్పీన్స్‌లో లేటే గల్ఫ్ అనే చోట టార్పెడో దాడిలో గట్టి దెబ్బలు తగిలాయి. యుద్ధం అయిపోయాక మర్చంట్ నేవీలో, అంటే సరుకు ఓడల మీద ఉద్యోగం. జిమ్ము పెట్టకముందూ సముద్రమే, అమ్మేశాకా సముద్రమే. సోంపేట, కవిటి వైపు నుంచి మా జిమ్ముకొచ్చే కుర్రాళ్ళకి ఈ ముక్క చెప్తే వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకరు షిప్పులో ఉంటారు, ఏడాదిలో సగం ఇక్కడ, సగం అక్కడ.

వెనిస్ అంటే ఇటలీలో కదా?

ఇటలీలో ఉన్నది అసలు వెనిస్. ఇది లాస్ ఏంజెలెస్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పేట. ఆ ఇటలీ ఊరిని చూసి ఇక్కడా కాలువలు తవ్వి అదే పేరు పెట్టుకున్నారు. జిమ్ము మొదటి అడ్రసు 1006 పసిఫిక్ అవెన్యూ.

మజిల్ బీచ్, గోల్డ్స్ జిమ్ ఒకటేనా?

రెండూ వేరు, కానీ ఒకటి పోవడంతోనే రెండోది వచ్చింది. పక్కనే ఉన్న శాంటా మోనికాలో బీచ్ మీద బార్లు, రింగులు, బరువులు పెట్టి ఉండేవి. జనం అక్కడే కసరత్తు చేసేవారు, చూడ్డానికి ఇంకా ఎక్కువ మంది వచ్చేవారు. దాన్నే మజిల్ బీచ్ అన్నారు. 1950ల చివర్లో అక్కడి మున్సిపాలిటీ వాళ్ళు ఆ సామానంతా తీయించేశారు. దాంతో కొందరు వెనిస్ బీచ్‌లో ఉన్న వెయిట్ల ఆవరణకి మారారు, కొందరు ఒక పాత భవనం కింద నేలమాళిగలో ఉన్న చీకటి జిమ్ముకి పోయారు. బరువు ఎత్తే వాళ్ళకి సరైన చోటు లేదని జోకి తెలుసు, వాళ్ళలో ఆయనా ఒకడు కాబట్టి. అందుకే జిమ్ము బీచ్‌కి దగ్గర్లోనే పెట్టాడు.

మిషన్లు కూడా ఆయనే చేసుకున్నాడా?

అవును. నా మటుకు నాకు ఆయన కథలో ఇష్టమైన ముక్క ఇదే. నేవీలో మెషినిస్టు పని తెలిసిన మనిషి, వెల్డింగ్ తెలుసు, ఇనుము తెలుసు, పైగా తను స్వయంగా ఎత్తేవాడు. ఆ రోజుల్లో షాపులో దొరికే సామాను పెద్ద పెద్ద బరువులు మోసేవాళ్ళకి సరిపోయేది కాదు, రాడ్డు వంగేది, పుల్లీ ఇరుక్కునేది. జో తన డంబెల్స్, బెంచీలు, కేబుల్ మిషన్లు తనే తయారు చేసుకున్నాడు. ఎత్తే మనిషి భుజం ఎక్కడ నొప్పి పెడుతుందో తెలిసినవాడు వంచిన పైపుకీ, క్యాటలాగ్ చూసి చేసిన పైపుకీ తేడా ఉంటుంది. మా జిమ్ములో ఉన్న లెగ్ ప్రెస్ ఇక్కడ ఒక వెల్డింగ్ షాపులో చేయించిందే. మొదటి రోజు దాని కోణం తప్పింది, మూడుసార్లు కోసి అతికించాం. ఇప్పటికీ కంపెనీ మిషన్ ఖాళీగా ఉన్నా దాని దగ్గరే క్యూ ఉంటుంది.

ఆర్నాల్డ్ పెట్టిన జిమ్మే కదా అన్నయ్యా?

కాదు, కాదు, కాదు. నెలకి ఇరవై సార్లు చెప్తున్నాను. జిమ్ము 1965లో మొదలైంది, ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ అమెరికాలో అడుగు పెట్టింది 1968లో. ఆయన అక్కడ కసరత్తు చేశాడు, ఓనర్ ఎప్పుడూ కాలేదు. 1970 నుంచి 75 దాకా వరసగా ఆరు సార్లు, మళ్ళీ 1980లో బాడీబిల్డింగ్‌లో అతి పెద్ద పోటీ అయిన మిస్టర్ ఒలింపియా గెలిచాడు కాబట్టి ఆయన ఫోటో ఎక్కడుంటే ఆ జిమ్ము ఆయనదే అనుకుంటారు జనం. ఫ్రాంకో కొలంబు, డేవ్ డ్రేపర్, ఫ్రాంక్ జేన్ అనే పేరున్న బాడీబిల్డర్లు కూడా అక్కడివాళ్ళే. జో గోల్డ్ నోటికి అడ్డూ ఆపూ లేదట, ఆర్నాల్డ్‌ని కూడా బెలూన్ పొట్ట అని పిలిచేవాడట. ఇంత పెద్దవాణ్ణి అలా అంటాడా అని మనకి అనిపిస్తుంది గానీ అప్పటికి ఆర్నాల్డ్ ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడు.

జో వీడర్, జో గోల్డ్ ఒకరేనా?

ఇద్దరు వేర్వేరు జోలు. జో వీడర్ బాడీబిల్డింగ్ పత్రికలు నడిపినవాడు, ప్రొటీన్ పౌడర్లు అమ్మినవాడు, 1965లో మిస్టర్ ఒలింపియా పోటీ మొదలు పెట్టినవాడు, ఆర్నాల్డ్‌ని అమెరికాకి రప్పించినవాడు. జో గోల్డ్ జిమ్ము నడిపినవాడు. ఒకాయన చేతిలో కాగితం, ఇంకొకాయన చేతిలో ఇనుము. వీడర్ పత్రికల్లో వెనిస్ కుర్రాళ్ళ ఫోటోలు పడ్డాయి కాబట్టే జో జిమ్ము పేరు సముద్రాలు దాటింది.

అప్పటి వాళ్ళు నేచురలేనా?

నేచురల్ అంటే కండలు పెంచే మందులు, అంటే స్టెరాయిడ్స్, వాడకుండా అని. చాలామంది కాదు. ఆర్నాల్డే తను స్టెరాయిడ్స్ వాడినట్టు బహిరంగంగా ఒప్పుకున్నాడు. అప్పట్లో అక్కడ దాని మీద ఇప్పుడున్నంత చట్టం లేదు. అమెరికాలో వాటిని నియంత్రిత మందుల జాబితాలో చేరుస్తూ చట్టం చేసింది 1990లో. పాత ఫోటోలు చూసి ఆరు నెలల్లో అలా అయిపోవాలని టెన్షన్ పడకండి. మా జిమ్ములో ఎవరైనా సూది గురించి అడిగితే ఫీజు వెనక్కిచ్చి పంపించేస్తాను, ఇది మాత్రం జోక్ కాదు.

## చేతులు మారిన రోజులు

అంత నడుస్తున్న జిమ్ము ఎందుకు అమ్మేశాడు?

1970లో అమ్మేశాడు, అంటే పెట్టిన అయిదేళ్ళకే. మనం ఇప్పటి పేరు చూసి అయ్యో అంత తక్కువకా, అంత తొందరగానా అనుకుంటాం గానీ అప్పటికి అది ఒక షెడ్డు లాంటి భవనం, బయట బోర్డు, లోపల ఇనుము, నెలకింతని ఫీజు కట్టే కొద్దిమంది. బాడీబిల్డర్లలో చాలామంది దగ్గర డబ్బుండేది కాదు. ఇలాంటి జిమ్ము నడిపితే పేరు వస్తుంది, డబ్బు రాదు. ఆ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, మా కరెంటు బిల్లు చూస్తే తెలుస్తుంది. ఆయనకి సముద్రం ఉద్యోగం ఉంది, మళ్ళీ ఓడెక్కాడు.

కొన్నవాళ్ళు ఎవరు?

బడ్ డానిట్స్, డేవ్ సాక్స్ అనే ఇద్దరు. రెండేళ్ళు వాళ్ళ చేతిలో ఉంది. 1972లో కెన్ స్ప్రేగ్ అనే బాడీబిల్డర్ కొన్నాడు. మొదటి ఇద్దరి గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. స్ప్రేగ్ గురించి ఉంది.

కెన్ స్ప్రేగ్ ఏం చేశాడు?

జిమ్ముకి ప్రచారం నేర్పించాడు. ఇనుము జో గోల్డ్‌ది, డప్పు స్ప్రేగ్‌ది. పోటీలు పెట్టించాడు, 1977లో మిస్టర్ అమెరికా పోటీని కూడా తనే నిర్వహించాడు. ఫోటోగ్రాఫర్లకీ కెమెరాలకీ తలుపులు తీసి పెట్టాడు. జిమ్ము పేరున్న టీషర్ట్ బయట వాళ్ళు కూడా వేసుకునే సరుకు అయిందీ ఈ కాలంలోనే. జో గోల్డ్ ఉన్నన్నాళ్ళూ ఆ జిమ్ము తెలిసినవాళ్ళకే తెలుసు, స్ప్రేగ్ వచ్చాక తెలియనివాళ్ళకీ తెలిసింది. కొంతమంది పాతకాలపు వాళ్ళకి ఈ హడావుడి నచ్చదు. నాకైతే తప్పేం కనిపించదు, తలుపు తెరిచి పెట్టకపోతే ఆ గది ఇంకో ఏడాదికి కట్టెల అడితీ అయ్యేది.

ఆ డాక్యుమెంటరీలో చూపించేది ఇదే జిమ్మా?

అవును. 1977లో వచ్చిన 'పంపింగ్ ఐరన్'లో ఆర్నాల్డ్ వాళ్ళు కసరత్తు చేసేది వెనిస్ గోల్డ్స్ జిమ్‌లోనే. అందులో పోటీ జరిగేది మాత్రం దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియాలో, 1975లో. అప్పటిదాకా కండలు పెంచడం అంటే సర్కస్ విద్య అనుకున్న మామూలు జనం ఆ సినిమా చూశాక జిమ్ముల్లో చేరడం మొదలెట్టారు. ఒక విచిత్రం చూడండి. సినిమా వచ్చేనాటికి జిమ్ము గోల్డ్‌ది కాదు. బోర్డు మీద ఆయన పేరుంది, గల్లాపెట్టె దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

టీషర్ట్ మీద గుండు మనిషి ఎవరు?

ఫలానా మనిషి అని కాదు, బొమ్మ. రిక్ డ్రేసిన్ అనే బాడీబిల్డర్ గీశాడు, ఆయన ప్రొఫెషనల్ రెజ్లర్ కూడా. 1973లో గీసిన ఆ బొమ్మలో మనిషికి గుండు, చేతుల్లో రెండు చివర్లా వంగిపోయిన రాడ్డు. సంతలో దొరికే నకిలీ టీషర్ట్‌ల మీద రాడ్డు తిన్నగా ఉంటుంది, అదే గుర్తు. ఒక కుర్రాడి టీషర్ట్ మీద మనిషికి జుట్టు కూడా ఉంది, అది ఎవరి క్రియేటివిటీయో.

సముద్రం నుంచి వచ్చాక మళ్ళీ తన పేరుతోనే జిమ్ము పెట్టుకోవచ్చు కదా, ఎందుకు పెట్టలేదు?

పెట్టలేడు కాబట్టి. 1970లో అమ్మింది గోడల్నీ మిషన్లనీ మాత్రమే కాదు, బోర్డు మీదున్న పేరుని కూడా. గోల్డ్స్ జిమ్ అన్న పేరుతో వ్యాపారం చేసే హక్కు కొన్నవాళ్ళకి పోయింది. ఇంటిపేరు నాదే, పుట్టుకతో వచ్చింది, మా నాన్నది అంటే వినరు. ఆధార్ కార్డు మీద రాసుకోవచ్చు, జిమ్ము గుమ్మం మీద రాసుకోకూడదు.

దీన్ని మనవాళ్ళకి ఎలా చెప్పాలా అని చాలాసార్లు ఆలోచించాను. మనకి పొలం అమ్మితే పొలం పోతుంది, ఇంటిపేరు పోదు. ఊళ్ళో ఇప్పటికీ ఫలానా వాళ్ళ చెరువు, ఫలానా వాళ్ళ తోట అంటారు, అమ్మి యాభై ఏళ్ళయినా సరే, కొన్నవాడు మొత్తుకున్నా సరే. అమెరికా వ్యాపారంలో ఇది తిరగబడింది. మనిషి బయట, పేరు లోపల. ఆయన జిమ్ము ముందు నుంచి నడిచి వెళ్తే ఆయన పేరే ఆయనకి కనిపిస్తుంది, కానీ లోపలికి వెళ్ళాలంటే ఫీజు కట్టాలి. ఫీజు అడిగేవారో లేదో మరి, అది నా ఊహ.

అందుకే 1970ల మధ్యలో తిరిగొచ్చి మళ్ళీ జిమ్ము పెట్టినప్పుడు వరల్డ్ జిమ్ అని పెట్టాడు. ఇంటిపేరు దొరక్కపోతే ప్రపంచం పేరు పెట్టుకున్నాడు.

వరల్డ్ జిమ్ అంటే ఇంకో కంపెనీయా? గొరిల్లా బొమ్మ ఉంటుంది, అదేనా?

అదే. 1976లో శాంటా మోనికాలో జో గోల్డ్ పెట్టింది, తర్వాత వెనిస్‌కి వచ్చింది. గొరిల్లా బొమ్మ గీసింది కూడా రిక్ డ్రేసినే, గోల్డ్స్ జిమ్ గుండు మనిషిని గీసినాయనే. ఆర్నాల్డ్ సహా పాతవాళ్ళు చాలామంది జోని వెతుక్కుంటూ వరల్డ్ జిమ్‌కి పోయారు. తర్వాత అదీ ఫ్రాంచైజీగా పెరిగింది. కాబట్టి ఒకే మనిషి రెండు పేరున్న జిమ్ములకి మూలం. రెండిట్లో ఏది గొప్ప అని కొట్టుకునే వాళ్ళకి ఈ మాట చెప్పండి, కాసేపు చల్లబడతారు.

అమ్మాయిలు కూడా వెళ్ళేవాళ్ళా?

మొదట్లో అది మగాళ్ళ జిమ్మే. 1970ల చివర్లో లిసా లయన్ అక్కడ కసరత్తు చేసి, 1979లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆడవాళ్ళ మొదటి ప్రపంచ ప్రొఫెషనల్ బాడీబిల్డింగ్ పోటీ గెలిచింది. మరుసటి ఏడు మిస్ ఒలింపియా కూడా మొదలైంది. మా దగ్గర ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళకే. ఇది అడగాలనుకుని అడగలేక ఊరుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నాను.

## పేరు దేశాలు దాటాక

1979లో మళ్ళీ అమ్మారంటారు, ఎవరికి?

కెన్ స్ప్రేగ్ నుంచి పీట్ గ్రిమ్‌కోవ్‌స్కీ అనే బాడీబిల్డర్, ఆయన భాగస్వాములూ తీసుకున్నారు. టిమ్ కింబర్, ఎడ్ కానర్స్ అనేవి ఇంకో రెండు పేర్లు. వీళ్ళ కాలంలోనే, 1980ల మొదటి నుంచి, ఒక్క జిమ్ము కాస్తా వందల జిమ్ములయింది. వాళ్ళు కొన్నది ఒక గది. అమ్మింది బోర్డు.

ఫ్రాంచైజీ అంటే ఏటి? ఓనర్ ఎవరవుతారు?

సింపుల్‌గా చెప్తాను. పేరు, బొమ్మ, పద్ధతి కంపెనీవి. స్థలం, అప్పు, అద్దె, టెన్షన్ మీవి. మొదట్లో కొంత సొమ్ము కట్టి పేరు వాడుకునే హక్కు తీసుకుంటారు, ఆ తర్వాత ఆదాయంలో కొంత శాతం కడుతూ ఉంటారు. నష్టం వస్తే కంపెనీకి రాదు, మీకే. కాబట్టి రెండు ఊళ్ళలో ఒకే బోర్డున్నంత మాత్రాన రెండు జిమ్ములూ ఒకేలా ఉండాలని లేదు. ట్రైనర్ ఎవరు, మిషన్‌కి నూనె ఎవరు వేస్తున్నారు, బాత్‌రూమ్ ఎవరు కడుగుతున్నారు అన్నది ఆ ఊరి ఓనర్ మీదే ఉంటుంది. చేరేముందు బోర్డు కాదు, మిషన్ కేబుల్ చూడండి. పోగులు లేచి ఉంటే తిరిగొచ్చేయండి.

బాడీబిల్డర్ల చేతిలోంచి కంపెనీల చేతిలోకి ఎప్పుడు పోయింది?

1999లో. బ్రాక్‌వే మోరన్ అనే పెట్టుబడి సంస్థ కొంది. అయిదేళ్ళకే, 2004లో, డల్లాస్‌లోని టీఆర్‌టీ హోల్డింగ్స్‌కి దాదాపు 15.8 కోట్ల డాలర్లకి అమ్మింది. టీఆర్‌టీ వాళ్ళకి ఓమ్నీ హోటళ్ళు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి ఓనర్ అంటే బెంచ్ ప్రెస్ కొట్టే మనిషి కాదు, లెక్కల పుస్తకం చూసే మనిషి. అది తప్పని నేననను, వందల జిమ్ములు నడపాలంటే లెక్కలు వచ్చినవాడే కావాలి. కాకపోతే ఓనర్ చాక్ పొడి చేతులతో వచ్చి నీ మోచెయ్యి బయటికి పోతోందిరా అని తిట్టే రోజులు మాత్రం పోయాయి.

జో గోల్డ్‌కి ఆ కోట్లలో ఏమైనా వచ్చిందా?

ఆయన తన జిమ్మునీ పేరునీ 1970లోనే అమ్మేశాడు, కాబట్టి తర్వాత జరిగిన అమ్మకాలు ఆయనవి కావు. 2004 జులై 11న, 82వ ఏట చనిపోయాడు. ఆయన పేరున్న కంపెనీ 15.8 కోట్ల డాలర్లకి చేతులు మారింది కూడా అదే సంవత్సరం.

మొదటి జిమ్ము భవనం ఇంకా ఉందా? వెళ్ళి చూడొచ్చా?

గోల్డ్స్ జిమ్ ఇప్పుడు ఆ పసిఫిక్ అవెన్యూ భవనంలో లేదు. జిమ్ము అక్కడి నుంచి కదిలి, చోట్లు మారి, చివరికి వెనిస్‌లోనే హాంప్టన్ డ్రైవ్‌లో స్థిరపడింది. ఇప్పుడు అందరూ వెళ్ళి ఫోటోలు దిగేది అక్కడ. దాన్ని బాడీబిల్డింగ్‌కి మక్కా అంటారు. మన ఊరి భాషలో చెప్పాలంటే పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున మూడు లాంతర్ల సెంటర్ దగ్గర జనం ఎలా ఉంటారో, అక్కడ ఛాంపియన్ల కోసం అలా ఎగబడతారు. కొందరు కసరత్తు కన్నా ఫోన్ ఎక్కువ ఎత్తుతారట, మన దగ్గరా అంతేగా.

## కరోనా, ఆ తర్వాత

దివాలా తీసి మూసేశారట కదా?

దివాలా పిటిషన్ వేసిన మాట నిజం, మూసేయడం నిజం కాదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో జిమ్ములన్నీ తాళాలు వేసి ఉండగా, అమెరికాలో చాప్టర్ 11 కింద వేశారు. చాప్టర్ 11 అంటే దుకాణం ఎత్తేయడం కాదు. నాకు ఊపిరి తీసుకునే టైమివ్వండి, అప్పులు సర్దుకుని మళ్ళీ నడుపుతాను అని కోర్టుని అడగడం. కంపెనీ సొంతంగా నడిపే వాటిలో 30 దాకా జిమ్ములు శాశ్వతంగా మూతపడ్డాయి. ప్రపంచం మొత్తం మీద అప్పటికి ఉన్న దాదాపు 700 జిమ్ముల్లో ఎక్కువ భాగం ఫ్రాంచైజీలే, వాటి ఓనర్లు వేరు, వాటిమీద ఆ కేసు లేదు.

ఆ ఏడాది మాకు కూడా నాలుగు నెలలు అద్దె కట్టలేకపోయాం. మా మీద చాప్టర్ 11 లేదు, ఇంటి ఓనర్ గారి దయ ఉంది. ఇంకో పక్క నేను అంతకు ముందు ఏడాది మెంబర్‌షిప్ కట్టిన ఒక పెద్ద బోర్డు జిమ్ము (పేరు వద్దు) తాళం వేసి ఫోన్ ఎత్తడం మానేసింది, నా డబ్బులు ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి ఎవరడిగినా మూడు నెలలకి మించి కట్టొద్దనే చెప్తున్నాను, నా జిమ్ములో అయినా సరే.

ఇప్పుడు ఓనర్ ఎవరు మరి?

జర్మనీకి చెందిన ఆర్‌ఎస్‌జీ గ్రూప్. 2020 జులైలో దివాలా కోర్టు ద్వారానే 10 కోట్ల డాలర్లకి కొన్నారు. ఆ గ్రూప్ పెట్టినాయన రైనర్ షాలర్. ముందు కిరాణా సూపర్ మార్కెట్లు నడిపాడు, 1997లో వుర్ట్స్‌బుర్గ్ అనే ఊళ్ళో మెక్‌ఫిట్ అని తక్కువ ఫీజు జిమ్ము పెట్టాడు, అది జర్మనీ అంతా పాకింది. 2004లో దాదాపు 15.8 కోట్లకి పోయిన పేరు 2020లో 10 కోట్లకే వచ్చిందంటే లాక్‌డౌన్ ఎంత దెబ్బ కొట్టిందో అర్థమవుతుంది.

ఆయన విమాన ప్రమాదంలో పోయాడంటారు, నిజమా?

నిజం. 2022 అక్టోబర్ 21న కోస్టారికా తీరంలో చిన్న విమానం సముద్రంలో కూలిపోయింది. అందులో షాలర్‌తో పాటు ఆయన కుటుంబం కూడా ఉంది. కంపెనీ ఆగిపోలేదు. పేరు శాపం అది ఇది అని వీడియోలు తిరుగుతున్నాయి. చిన్న పిల్లలు కూడా పోయిన ప్రమాదం అది, అలాంటి మాటలు మా జిమ్ములో మాట్లాడకండి.

## మన దగ్గర

ఇండియాకి ఎప్పుడొచ్చింది?

2002లో, ముంబైలో. తర్వాత చాలా నగరాల్లో ఫ్రాంచైజీలు వచ్చాయి. ఏ ఊళ్ళో ఉందో, ఫీజెంతో నన్నడక్కండి, ఏడాదికేడాది మారిపోతుంది.

మా ఊళ్ళో జిమ్ము పెడుతున్నాను, గోల్డ్ అని పేరు పెట్టుకోవచ్చా?

పెట్టొద్దు. ట్రేడ్‌మార్క్‌ల కోసం మన దేశంలో 1999 చట్టం ఉంది, రిజిస్టర్ చేసిన పేరు పదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. ఒక అక్షరం మార్చి, చివర ఇంకో అక్షరం కలిపి, అదే గుండు మనిషిని పెడితే తప్పించుకోవచ్చనుకోకండి, చూసేవాడు పొరపడేలా ఉంటే చాలు, నోటీసు రావచ్చు. రాకపోవచ్చు కూడా, అన్ని ఊళ్ళూ ఎవరు తిరుగుతారు అంటారు మీరు. కానీ పెట్టిన మనిషికే ఆ పేరు మళ్ళీ వాడుకునే వీల్లేకపోయింది, మీకెందుకు ఆ తలనొప్పి. మీ అమ్మవారి పేరు పెట్టుకోండి, ఎవరూ అడగరు.

వెనిస్ కన్నా ముందు మన దగ్గర ఇలాంటివేమీ లేవా?

ఎందుకు లేవు. గరిడీలు, తాలింఖానాలు, సాము నేర్పే గురువులు. జో గోల్డ్ పుట్టడానికి నలభై ఏళ్ళ ముందే, 1882లో, వీరఘట్టంలో కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టారు. ఆ ఊరు మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఆయన కసరత్తు చేసి పెరిగింది మన విజయనగరంలోనే. గుండెకి ఇనప గొలుసు చుట్టుకుని ఊపిరి బిగించి తెంపేవారు, రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకునేవారు, సొంత సర్కస్ పెట్టి దేశాలు తిరిగారు. కలియుగ భీముడన్నారు. 1942లో చనిపోయారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. మా తాతగారు ఆయన ప్రదర్శన చూశానని చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ ఏనుగు ఇంకాస్త పెద్దదయ్యేది.

మన జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్‌కి ఉన్న పేరు బాడీబిల్డింగ్‌కి ఎందుకు లేదు? రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎంత ఎత్తావన్నదే లెక్క, ఒక్క ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్ ఒకటి, ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ ఒకటి. బాడీబిల్డింగ్‌లో ఎంత ఎత్తావో ఎవరూ అడగరు, కండ ఎలా కనిపిస్తోందన్నదే లెక్క. గోల్డ్స్ జిమ్ ప్రపంచం ఈ రెండోది. మన వైపు మొదటిది బలం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం వస్తే ఉద్యోగానికి దారి ఉంటుంది, రైల్వేలోనో పోలీసులోనో. బాడీబిల్డింగ్‌లో ముందు పెట్టుబడి, గుడ్లకీ చికెన్‌కీ నెలకయ్యే ఖర్చు చూస్తే ఇంట్లో వాళ్ళు ఎటు పంపిస్తారో మీకే తెలుసు.

మాస్టారూ, మన జిమ్ము పేరు కూడా ఏదైనా స్టైల్‌గా మార్చొచ్చు కదా?

మార్చను. ఈ జిమ్ము నాకు అమ్మినాయన ఇప్పుడు మస్కట్‌లో రిగ్గర్ పని చేస్తున్నాడు. బోర్డు మీద ఇంకా ఆయన పేరే ఉంది, సెలవుకొచ్చినప్పుడల్లా ఫీజు కట్టకుండా ఒక నెల కసరత్తు చేసి వెళ్తాడు. పైగా పెయింటర్ కొత్త బోర్డుకి అడిగిన రేటు విన్నాక మనసు రాలేదు.